గోళ్ళకు రంగులేద్దామా చెల్లీ!

చెల్లీ, పండగ దగ్గరపడుతోంది, నెయిల్ ఆర్ట్ కిట్ ఏది కొనమంటావక్కా అని అడుగుతున్నావు కదా. ఏదీ కొనొద్దు. ఆ పెద్ద డబ్బాల్లో రాళ్ళు, తళుకులు, టేపులు, పేరు తెలియని పుల్లలు బోలెడుంటాయి. రెండుసార్లు తీసి చూస్తాం, ఆ తర్వాత బీరువా అడుగున పడుంటాయి. ఆ డబ్బు వేరేచోట పెట్టు.

ముందు బేస్ కోట్, టాప్ కోట్ కొనుక్కో. రెండూ నీళ్ళలా తేటగా కనిపిస్తాయని ఒకటే తెచ్చుకుని సరిపెట్టకు, వాటి పనులు వేరు. ఎరుపు, మెరూన్ లాంటి ముదురు రంగులు గోరును పసుపుపచ్చగా మారుస్తాయి. బేస్ కోట్ ఆ మరక పట్టనివ్వదు, పై రంగు ఊడకుండా పట్టి ఉంచుతుంది. టాప్ కోట్ నువ్వు వేసిన డిజైన్‌కు కాపలా. దాన్ని గోటి కొన అంచు మీద కూడా ఒకసారి రాయి, అంట్లు తోమినా పెచ్చులు త్వరగా లేవవు.

రంగులు నాలుగు చాలు: తెలుపు, నలుపు, ఎరుపు, బంగారు. అందులో తెలుపు మాత్రం కాస్త చిక్కనిది చూసి తీసుకో. పల్చటి తెలుపుతో వేసిన పువ్వు ఎరుపు మీద కనపడనే కనపడదు.

ఇక చుక్కలు పెట్టే పుల్ల. దాన్ని డాటింగ్ టూల్ అని అమ్ముతారు. అది మనింట్లోనే ఉంది చెల్లీ! ఒక గుండుసూది తీసుకుని పెన్సిల్ వెనకాల ఉన్న రబ్బరులో గుచ్చు, గుండు బయటికి ఉండాలి. అదే నీ పనిముట్టు. పెద్ద చుక్కలకు జడపిన్ను కొస, సన్నవాటికి పళ్ళపుల్ల. ఒక ప్లాస్టిక్ మూతలో రంగు చుక్క వేసుకుని గుండును తాకించు, గోటి మీద నిలువుగా ఆనించి వెంటనే లేపు. ఒకసారి ముంచితే మొదటి చుక్క పెద్దగా, రెండోది చిన్నగా, మూడోది ఇంకా చిన్నగా పడుతుంది. ఆ తేడాతోనే తీగ అల్లేయొచ్చు. మధ్యలో ఒకటి, చుట్టూ అయిదు పెడితే పువ్వు. చుక్కల ముగ్గు వేసిన చేతికి ఇదేమీ కొత్త కాదు.

బొట్టుబిళ్ళలను కూడా వదిలిపెట్టకు. గోటి మొదట్లో అర్ధచంద్రంలా వచ్చేలా బిళ్ళ అతికించి, పైన వేరే రంగు వేసి, తడి ఆరకముందే బిళ్ళను లాగేయ్. అతికించే ముందు దాన్ని అరచేతి వెనక రెండుసార్లు అంటించి తియ్యి. జిగురు తగ్గుతుంది, కింది రంగు ఊడిరాదు. ఆ కింది రంగు మాత్రం పూర్తిగా ఆరి ఉండాలి, తొందరపడితే మొత్తం చెడుతుంది. రాళ్ళు కావాలంటే స్టోన్ బొట్టు చాలు, తడి టాప్ కోట్ మీద పెట్టి మెల్లగా నొక్కు.

గోరింటాకు పండిన గోళ్ళయితే అసలు రంగే అక్కర్లేదు. ఆ ఎరుపు రిమూవర్‌కు పోదు, గోరు పెరిగి కత్తిరించాకే పోతుంది. దాని మీద తెల్ల చుక్కలు నాలుగు పెట్టి టాప్ కోట్ వేసి చూడు, నాకైతే అన్నిటికన్నా అదే ఇష్టం.

రిమూవర్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఎసిటోన్ ఉన్నది త్వరగా తీస్తుంది, కానీ గోరునీ చర్మాన్నీ ఎండగొడుతుంది. మామూలు రంగుకు ఎసిటోన్ లేనిదే వాడు. తళుకుల రంగు మొండికేస్తే ఎసిటోన్‌లో తడిపిన దూదిని గోటి మీద పెట్టి, ఫాయిల్ చుట్టి అయిదు నిమిషాలు ఆగు, గీకొద్దు. తర్వాత కొబ్బరినూనె రాసుకో. ఎసిటోన్‌కు ఇట్టే నిప్పంటుకుంటుంది. పొయ్యి దగ్గరా, దేవుడి దీపం దగ్గరా సీసా మూత తియ్యకు.

గోటి మొదట్లో ఉండే పల్చటి చర్మాన్ని కత్తిరించకు. క్రిములు లోపలికి పోకుండా కాపాడేది అదే. స్నానమయ్యాక తువ్వాలుతో మెల్లగా వెనక్కి నెట్టు, చాలు.

జెల్ పాలిష్, దాన్ని ఆరబెట్టే లైటు ఇంటికి తేవద్దని మరీ మరీ చెబుతున్నా. సరిగ్గా గట్టిపడని జెల్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, ఒకసారి వచ్చిందంటే సాధారణంగా జీవితాంతం ఉండిపోతుంది. జెల్‌లో వాడే టీపీఓ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది కూడా. గోరు నెలకు 3 మిల్లీమీటర్ల చొప్పునే పెరుగుతుంది. పాడైతే కొత్తది పూర్తిగా రావడానికి దాదాపు ఆరు నెలలు పడుతుంది.

కుడిచేతికి ఎడమచేత్తో వేయడం కష్టమే. మోచేయి బల్ల మీద ఆనించుకో, కుంచెను కాకుండా వేలిని తిప్పు. అంచు దాటిన రంగును పాత ఐలైనర్ బ్రష్ రిమూవర్‌లో ముంచి తుడిచేయ్. మొదటిసారే పది వేళ్ళకూ డిజైన్ పెట్టుకోకు. అన్నిటికీ ఒకే రంగు వేసి, ఉంగరపు వేలికి మాత్రం చుక్కల పువ్వు పెట్టి చూడు.