అత్త ఇస్త్రీపెట్టె

వరంగల్‌లో ఒక వాడ. ఆ వాడలో ఒక చిన్న ఇస్త్రీ దుకాణం. అత్తా కోడళ్లు కలిసి దాన్ని నడుపుతున్నారు.

ఒకరోజు పొద్దున్నే వీధిలో కేక వినిపించింది.

"పాత ఇనుము కొంటాం! పాత సామాను కొంటాం!"

కోడలు మంచం కింద వెతికింది. విరిగిన బకెట్టు, తుప్పు రేకులు బయటికి తీసింది. వాటితోపాటు బొగ్గుల ఇస్త్రీపెట్టెను కూడా అరుగు మీద పెట్టింది.

పాత సామానతను పెట్టెను ఎత్తి చూశాడు. "ఉత్త ఇనుమే కదమ్మా. తూకం లెక్కన ఇస్తా" అన్నాడు.

అత్త గబగబా బయటికి వచ్చింది. "ఆగు బిడ్డా! దాన్ని అమ్మకు" అంది.

"మనకు కరెంటు పెట్టె ఉంది కదా అత్తమ్మా! ఇక దీంతో ఏం పని?" అంది కోడలు.

కోడలి మాటా నిజమే. 2021లో తెలంగాణలో రజకుల లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం మొదలైంది. అప్పటినుంచి ఆ దుకాణంలో బొగ్గుల పెట్టె మూలకు పడింది.

అత్త అరుగు మీద కూర్చుంది. పెట్టెను ఒళ్లో పెట్టుకుంది.

పెట్టె పని చేసే తీరు

ఇది పోత ఇనుముతో చేసిన పెట్టె. ఇనుమును కరిగించి అచ్చులో పోస్తారు. అదే పోత ఇనుము. ఇది చాలా బరువు. ఆ బరువుకు, వేడికి బట్ట ముడతలు పోతాయి. కానీ కింద పడితే పగలవచ్చు.

పెట్టె లోపల నిప్పులు పోస్తారు. పక్కన బొక్కలు ఉంటాయి. వాటిలోంచి గాలి పోతేనే నిప్పులు ఆరకుండా ఉంటాయి. పిడి కట్టెతో చేస్తారు. కట్టెకు వేడి తొందరగా ఎక్కదు.

"ఒక్క నిప్పురవ్వ పడితే చీరకు బొక్క పడేది. ఆ చీర పైసలు మనమే కట్టాలి" అంది అత్త. మోచేతి మీద కాలిన మచ్చ చూపించింది. "ఈ పెట్టెతోనే ముగ్గురు పిల్లల్ని సాకిన."

కోడలు ఏమీ అనలేదు. పెట్టెను తీసి లోపల పెట్టింది. పాత సామానతనికి బకెట్టు, రేకులు మాత్రమే ఇచ్చింది.

మేరీ పాట్స్ తెలివి

సాయంత్రం మనవరాలు కాలేజీ నుంచి వచ్చింది. పెట్టెను చూసింది. తాను చదివిన సంగతి చెప్పింది.

అమెరికాలో పూర్వం ఇస్త్రీకి గట్టి ఇనుప దిమ్మెలు వాడేవారు. వాటిని పొయ్యి మీద కాల్చేవారు. పిడి కూడా ఇనుమే. ఆడవాళ్ల చేతులు కాలేవి. మేరీ పాట్స్ అనే ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. కట్టె పిడిని తీసి పెట్టుకునేలా చేసింది. ఒక దిమ్మెతో ఇస్త్రీ చేస్తుంటే మిగతావి పొయ్యి మీద కాగుతుంటాయి. పిడి మాత్రం చల్లగా ఉంటుంది. 1871లో ఆమె దానికి పేటెంటు పొందింది.

"ఇప్పుడు వాటిని అక్కడ ఇంటి అలంకారానికి పెట్టుకుంటున్నారు. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతారు. పుస్తకాలు పడకుండా ఆనిస్తారు" అంది మనవరాలు.

"అయితే మన పెట్టెను కూడా దుకాణంలో పెడదాం" అంది కోడలు.

పాత పెట్టెను ఇలా బాగు చేయాలి

1. బూడిద దులపాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.
2. గరుకు కాగితంతో తుప్పు రుద్దాలి. పాత రంగు ఉంటే గీకవద్దు. అందులో సీసం ఉండవచ్చు. అది పిల్లలకు విషం.
3. పొడి గుడ్డతో తుడవాలి. తడి ఉంటే మళ్లీ తుప్పు పడుతుంది.
4. పల్చగా నూనె రాయాలి.
5. ఎత్తులో పెట్టవద్దు. పడితే పిల్లలకు దెబ్బ తగులుతుంది.
6. మూసిన గదిలో నిప్పులు పోయవద్దు. బొగ్గు నుంచి వాసన లేని విషవాయువు వస్తుంది. అది ప్రాణం తీస్తుంది.

అమ్మాలనుకుంటే ముందు అయస్కాంతం పెట్టి చూడాలి. అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే ఇత్తడి కావచ్చు. ఇత్తడికి ఇనుము కన్నా ధర ఎక్కువ.

అట్టముక్క మీద రాత

కోడలు పెట్టెను శుభ్రం చేసింది. గుమ్మం పక్కన చిన్న పీట మీద పెట్టింది. అట్టముక్క తీసుకుని నిదానంగా రాసింది.

"బొగ్గుల ఇస్త్రీపెట్టె. మా అత్త దీంతో 30 ఏళ్లు పని చేసింది."

అత్తకు చదివి వినిపించింది. అత్త కాసేపు ఆ అక్షరాల వైపే చూసింది.

"ఎవరి బట్టలు ఎవరివో తెలిసేటందుకు నల్లజీడి రసంతో గుర్తులు పెట్టేదాన్ని. ఊరందరికీ గుర్తులు పెట్టిన. నా గుర్తు మాత్రం ఏడా లేకపాయె" అంది. "నా పేరు కూడా రాయి బిడ్డా."

కోడలు అట్టముక్కను అత్త చేతికిచ్చింది. పెన్సిలు కూడా ఇచ్చింది.

"నేను చెయ్యి పట్టుకుంటా. నువ్వే రాయి అత్తమ్మా" అంది.

జవాబులు రాయండి

1. పెట్టెకు బొక్కలు ఎందుకు ఉంటాయి?
2. మేరీ పాట్స్ ఏం చేసింది?
3. మీ ఇంట్లో ఉన్న పాత పనిముట్టు ఏది? దాంతో ఎవరు పని చేశారు? వారి పేరు రాయండి.