గోడ కూలితే బాధ్యత ఎవరిది?



బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన పెద్దలు మన దాతల్లో చాలామంది ఉన్నారు. షిఫ్టు మొదట్లో మైనింగ్ సర్దార్ ఏం చేస్తాడో వారికి మేము చెప్పనక్కర్లేదు. పనిస్థలానికి పోయి కప్పును కర్రతో తట్టి చూస్తాడు. డొల్ల శబ్దం వస్తే మనుషులను వెనక్కి పంపి, కప్పుకు ఆసరా పెట్టిస్తాడు. చూసింది చూసినట్టు పుస్తకంలో రాసి సంతకం చేస్తాడు. బాయి కింద ఇంత జాగ్రత్త పాటించే మనం, బాయి పైన మన గోడల దగ్గర, మన గేట్ల దగ్గర దాన్ని ఎందుకు మరిచిపోతున్నాం?

కొన్నేళ్ల కిందట మేము నమాజుకు వెళ్లే దారిలో ఒక కబరస్తాన్ ప్రహరీ రోడ్డువైపు వాలి ఉండేది. స్థలం పేరు ఇక్కడ అవసరం లేదు. రోజూ చూసేవాళ్లం. “గోడ పడేటట్టుంది భాయ్” అని ఒకరిద్దరితో అన్నాం కూడా. కాగితం మీద మాత్రం పెట్టలేదు. వానాకాలంలో ఒక సాయంత్రం ఆ గోడ కూలింది. బడి నుంచి ఇంటికి పోతున్న మా విద్యార్థి కాలు విరిగింది. పరామర్శకు వెళితే రోజుకూలీ అయిన తండ్రి, “తఖ్దీర్ సార్, ఎవరిని ఏమంటాం?” అన్నాడు. ఆయన సబర్‌కు ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంది. కానీ ఆయన సబర్ చాటున మనం దాక్కోవచ్చా?

ధర్మం ఏమంటుంది?

ఒంటెను కట్టకుండా దేవుని మీద భారం వేయవచ్చా అని అడిగిన మనిషికి, ముందు కట్టి తర్వాత భారం వేయమని మహాప్రవక్త (స) బోధించారు. దారిలోని హానికరమైన వస్తువును తొలగించడం కూడా సదఖాయే అన్నారు. బావిలోనూ గనిలోనూ జరిగే ప్రమాదానికి పరిహారం లేదనే అర్థం వచ్చే హదీసు ఒకటి ఉంది. గని ప్రాంతంలో ఉన్న మనం దీన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. తన సొంత భూమిలో, తన తప్పు లేకుండా తవ్వినవాడికే ఇది వర్తిస్తుందని ఫిఖ్ పండితులు వివరించారు. నలుగురు నడిచే దారిలో అనుమతి లేకుండా గొయ్యి తవ్వితే, అందులో పడ్డవారి నష్టానికి తవ్వినవాడే జవాబుదారీ.

ఉస్మానీ పాలనలో 1869 నుంచి 1876 వరకు హనఫీ ఫిఖ్ ఆధారంగా ‘మజల్లా’ అనే న్యాయసంహిత తయారైంది. అందులో 928వ నిబంధన గోడ గురించే. గోడ కూలి ఎవరికైనా నష్టం జరిగితే యజమానిపై బాధ్యత లేదు. అయితే “నీ గోడ పడబోతోంది, తీసేయి” అని ముందే హెచ్చరించి ఉండి, తీసేసే వ్యవధి కూడా గడిచిపోతే నష్టం అతనే భరించాలి. అంటే హెచ్చరిక అందిన క్షణం నుంచి గోడ భారం యజమాని మెడకు చుట్టుకుంటుంది.

చట్టం ఏమంటుంది?

మన దేశ చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1966లో తీర్పు చెప్పింది. ఆ కట్టడం వయసు దాదాపు 80 ఏళ్లు. ఆ రకం సున్నపు కట్టడానికి ఆయుష్షు 40, 45 ఏళ్లే. దారి పక్కన ఉన్న కట్టడం కూలితే, లోపం కంటికి కనిపించేదైనా లోపల దాగినదైనా యజమాని తప్పించుకోలేడని కోర్టు అన్నది. “మాకు తెలియదు” అనే మాట చెల్లలేదు. ఎవరూ హెచ్చరించలేదు అనే సాకు కూడా ఇక్కడ నిలవదు.

2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయిన సంగతి మనం మరువలేదు. పైనున్న లార్జీ డ్యాం నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. నది ఒడ్డున సరైన హెచ్చరిక గానీ కంచె గానీ లేదు. ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయలు ఇవ్వాలని అక్కడి హైకోర్టు 2016 జనవరిలో ఆదేశించింది. ఆ భారాన్ని విద్యుత్ బోర్డుతో పాటు కళాశాల మీద, రాష్ట్ర ప్రభుత్వం మీద కూడా పెట్టింది. పిల్లలను తీసుకుపోయే ప్రతి సంస్థా ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

ఒక తేడా గమనించండి. పనిలో గాయపడ్డ కార్మికుడికి చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది: యజమాని తప్పును అతను రుజువు చేయనక్కర్లేదు. దారిన పోయే బాటసారికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. సివిల్ కోర్టులో దావా వేసి, సాధారణంగా నిర్లక్ష్యాన్ని తానే నిరూపించుకోవాలి. ఢిల్లీలో 1964లో చెట్టుకొమ్మ విరిగిపడి స్కూటర్ మీద పోతున్న ఒకాయన చనిపోతే, ఆ కుటుంబానికి సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చింది 1999లో.

దెబ్బ తగిలితే చేయవలసినవి

ముందు వైద్యం. ఆ రోజే స్థలం ఫొటోలు తీయించాలి. శిథిలాలు ఎత్తివేశాక సాక్ష్యం మిగలదు. చూసినవారి పేర్లు రాసుకోవాలి. ఆసుపత్రి కాగితాలు, మందుల బిల్లులు, పోయిన కూలి లెక్క దాచాలి. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోవాలి. స్థలం ఎవరిదో తెలుసుకుని రాతపూర్వకంగా నోటీసు పంపాలి. ప్రభుత్వం మీద దావాకైతే సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. మరణం సంభవిస్తే కుటుంబం దావా వేయడానికి గడువు రెండేళ్లు. గాయాల కేసుల్లో గడువు కేసును బట్టి మారుతుంది, కొన్నిటికి ఒక్క ఏడాదే. కాబట్టి వకీలును ఆ నెలలోనే కలవడం మేలు.

వకీలు ఫీజుకు భయపడి ఆగిపోయే కుటుంబాలే ఎక్కువ. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. పెద్దపల్లి జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 15100కు ఫోన్ చేసినా దారి చూపుతారు.

దాతలకు మా మనవి

కొత్త గది కట్టిస్తామంటే ముందుకు వచ్చే చేతులు, పాత గోడ బాగుచేయాలంటే వెనకాడుతాయి. రాయి మీద పేరు చెక్కించుకోవాలంటే కొత్త గోడే కావాలి కదా! కానీ వక్ఫ్ ఆదాయంలో మొదటి హక్కు ఆ ఆస్తి మరమ్మతుదేనని హనఫీ ఫిఖ్ నియమం. దాత ఆ షరతు రాయకపోయినా సరే, ముందు మరమ్మతే.

అందుకే సంఘం పెద్దలను మేము కోరేది చిన్న పనే. ఏటా రంజాన్‌కు ముందు, మళ్లీ వానలకు ముందు, సర్దార్ తట్టి చూసినట్టు మన ప్రతి స్థలాన్నీ చూడాలి: ప్రహరీలు, సంపు మూతలు, వాడని బోరుబావులు, ఈద్గాహ్ దగ్గరి కరెంటు తీగలు, ఎండిన చెట్లు, వజూఖానా మెట్లు. చూసింది రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. లోపం కనబడితే మరమ్మతు అయ్యేదాకా అక్కడ తాడు కట్టి బోర్డు పెట్టాలి. ప్రతి వంద రూపాయల చందాలో కొంత దీనికే పక్కన పెట్టాలి. మన స్థలంలో ఎవరికైనా దెబ్బ తగిలితే కోర్టుదాకా రానీయకుండా మనమే వారి గడప తొక్కాలి.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడై ఉద్యోగం చేసుకుంటున్నాడు, అల్‌హమ్దులిల్లాహ్. నడకలో ఇంకా కొద్దిగా కుంటు ఉంది. దారిలో ఎదురైతే సలాం చేస్తాడు. బదులు చెప్పిన ప్రతిసారీ, మేము రాయని ఆ కాగితమే గుర్తుకొస్తుంది. ఇన్షా అల్లాహ్, ఈ ఏడు ఆ రిజిస్టరులో మొదటి పేజీ రాయడానికి మేము సిద్ధంగా ఉన్నాం.