చార్జి అను మాట

అనకాపల్లి బెల్లపు బజారుకు దిమ్మలు వేసుకొని వచ్చు బండి మనమందరము ఎరిగినదే. నిన్న ఎడ్లబండి, నేడు వ్యాను. పంచాయతీ కాగితములలో తరచు కనిపించు 'చార్జి' అను ఇంగ్లీషు మాట పుట్టినదియు బండి నుండియే. లాటిను భాషలో 'కర్రుస్' అనగా బండి. దానినుండి బండికి సరకెత్తుట అను అర్థముగల క్రియ యేర్పడి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు చేరినది.

తక్కిన అర్థములు పెక్కు ఈ బరువు నుండి వచ్చినవే. బస్సు చార్జి జేబుపై పడు బరువు. సెల్‌ఫోనుకు చార్జి పెట్టుట దానిలోనికి విద్యుత్తును ఎక్కించుట. నేరారోపణయు చార్జియే. ఇది వింత కాదు. గడ్డిమోపు అన్న నోటితోనే మనమును 'నేరము మోపినారు' అనుచున్నాము.

ఇచ్చట ఒక పొరపాటు తరచుగా జరుగుచున్నది. 'చార్జిషీటు పడినదట' అని వినగానే ఆ మనిషిని దోషిగా ఎంచుదురు. అది దర్యాప్తు ముగించి పోలీసువారు కోర్టుకు ఇచ్చు నివేదిక మాత్రమే. ఆరోపణలను నిర్ణయించునది కోర్టు. విచారణ ఆ తరువాతిది. ఉద్యోగికిచ్చు చార్జి మెమో కూడ సమాధానము కోరు కాగితమే గాని శిక్ష కాదు.

సభ్యులకు అన్నింటికంటె ముఖ్యమైనది 'చార్జి తీసుకొనుట'. ఇంగ్లీషులో ఇన్‌చార్జి అనగా బాధ్యత వహించువాడు. మన కార్యాలయములలో తాత్కాలికముగా చూచువాడని వాడుక పడినది. తాత్కాలికమే గదా యని జాబితా చదువకయే సంతకము చేయువారు కలరు! ఒక ఉపసర్పంచి అట్లు చేసెననుకొందము. జాబితాలో పది రసీదు పుస్తకములున్నవి, బీరువాలో ఎనిమిదే యున్నవి. ఆ రెండింటిపై ఎవరు పన్ను వసూలు చేసిరో తెలియదు. ఆడిట్‌వారు వచ్చిననాడు జవాబు చెప్పవలసినది సంతకము చేసినవాడే.

అప్పుడు 'సర్‌చార్జి' అను మాట వినిపించును. కరెంటు బిల్లులో అది అదనపు రుసుము. ఆడిట్ భాషలో, అజాగ్రత్తచే కలిగిన నష్టమును బాధ్యుని సొంత సొమ్మునుండి రాబట్టుట.

కావున క్యాష్‌బుక్కులోని నిల్వను బ్యాంకు పాస్‌బుక్కుతో సరిచూచి, రసీదు పుస్తకములను వరుస సంఖ్యలతో లెక్కించి, బోరు మోటారు మొదలగు సామగ్రిని కంటితో చూచిన పిమ్మటనే సంతకము చేయవలెను. లేనివాటి ఎదుట 'అందలేదు' అని వ్రాసి, తేదీ వేసి, ఒక ప్రతిని తమవద్ద ఉంచుకొనవచ్చును.