కవాటము మారిన పిమ్మట గుండె లయ

మన పాఠశాల పైతరగతుల పిల్లలు గుండెకు నాలుగు గదులు గలవనియు, పై గదులు కర్ణికలు, క్రింది గదులు జఠరికలనియు, రక్తము వెనుకకు మరలకుండ కవాటములు కాపాడుననియు తెలుగులోనే చదువుకొనుచున్నారు. ఇంట పెద్దవారికి కవాటమును మార్చు శస్త్రచికిత్స జరిగినపుడు ఆసుపత్రివారిచ్చు కాగితము మాత్రము ఇంగ్లీషులో నుండును. "కవాటము మార్చిరి గదా, ఇక భయము లేదు" అని పెక్కుమంది తలంతురు. దానిని గూర్చియే యిచట వ్రాయదలచితిమి.

మన దేశమున చిన్న వయసుననే కవాటము చెడుటకు ప్రధాన కారణము కీళ్లవాత జ్వరము. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి పిల్లల గొంతులో చేరును. దానిని ఎదిరింపబోయిన శరీరము తన కవాటములనే గాయపరచుకొనును. ఎరుపు, వేడి, వాపు, నొప్పులతో గూడిన ఇట్టి చర్యను శోథమందురు. కీళ్లనొప్పి కొన్ని వారములలో పోవును. కవాటము మాత్రము ఏండ్ల తరబడి బిరుసెక్కి ఇరుకగును. రక్తము దిగక ఎడమ కర్ణిక సాగి పెద్దదగును. సాగిన కండరములో విద్యుత్ప్రవాహము దారి తప్పి, కర్ణిక ముడుచుకొనుటకు మారుగా వణకుచుండును. వైద్యులు దీనినే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అందురు. వణకు గదిలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము వచ్చును.

1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అను వైద్యుడు, లోవెల్ ఎడ్వర్డ్స్ అను ఇంజనీరు రూపొందించిన బంతి కవాటమును రోగులకు అమర్చిరి. తిరువనంతపురమున శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవారు తయారుచేసిన కవాటమును 1990లో మొదటిసారి అమర్చిరి. ఎంత మంచి కవాటమైనను, అది క్రొత్తదేగాని కర్ణిక పాతదే. పైగా శస్త్రచికిత్సయే ఒక గాయము. రక్తము యంత్రపు గొట్టములగుండా ప్రవహించుటవలనను, గుండెను కోసి కుట్టుటవలనను శోథము రేగి రెండు మూడు దినములలో హెచ్చును. లయ తప్పుటయు ఆ దినములలోనే అధికము. రమారమి మూడింట ఒక వంతు రోగులు, కొన్ని చోట్ల అంతకు మించియు, దీని పాలగుదురు. శోథముతోపాటు చాలమందికి ఇదియు కొన్ని వారములలో అణగును. కర్ణిక చిరకాలము సాగియున్నవారికి అణగకపోవచ్చును. బృహద్ధమని కవాటమును మార్చినవారికి మరియొక చిక్కు కలదు. లయను క్రిందికి చేరవేయు తంతువు ఆ ప్రక్కనే పోవును. అది దెబ్బతిన్నచో నాడి మందగించి, పేస్‌మేకరు అవసరమగును.

లోహ కవాటము గలవారు గడ్డకట్టకుండ వార్ఫరిన్ మాత్రను జీవితాంతము వాడవలెను, ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష చేయించుకొనుచుండవలెను. పాలకూర, తోటకూరలలోని కె విటమిను ఈ మందు బలమును తగ్గించును. వానిని మానవలదు; ఒకే కొలతగా తినిన చాలును. డాబిగట్రాన్ అను వేరొక మందును లోహ కవాటము గలవారికి ఇచ్చి చూడగా, గడ్డలును రక్తస్రావమును హెచ్చినట్లు 2013లో వెల్లడియైనది. పొరుగింటివారి చీటి చూచి మందు మార్చుకొనువారు మనలో లేకపోలేదు!

జ్వరము వచ్చినను, పన్ను తీయించుకొనవలసి వచ్చినను తమకు కవాటము మార్చిన సంగతి వైద్యునకు ముందుగా చెప్పవలెను. పిల్లలకు గొంతునొప్పితో జ్వరము వచ్చినపుడు కషాయముతో సరిపెట్టక వైద్యునకు చూపుడు. కీళ్లవాత జ్వరము ఒకసారి వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారముల కొకసారి పెనిసిలిన్ సూది వేయింతురు. నొప్పి తగ్గినదని దానిని మాన్పింపకుడు. సూది వేయించు దినమున బిడ్డ ఆలస్యముగా వచ్చినను మేము హాజరు వేయింతుము.