మన నల్లరేగడిలో ఒక సైన్స్ పాఠం



క్యాటలిస్ట్ డెఫినిషన్ తడబడకుండా అప్పజెప్పిన పిల్లలను, "మన ఆదోని, ఎమ్మిగనూరు పత్తి చేలు ఎండాకాలం ఎందుకు నెర్రెలు విచ్చుతాయి?" అని అడిగాను. అందరూ మౌనం. ఆ రెండూ ఒకే పాఠమని నేనూ చెప్పలేదు మరి.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమట్టి ఉంటుంది. అది పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉంటుంది. ఒక్కో పొర మందం సుమారు 1 నానోమీటరు. పొరల మధ్యకు నీరు చేరితే ఉబ్బుతుంది, ఆరితే పగులుతుంది. నీటికి బదులు అల్యూమినియం అయాన్లను పంపి వేడి చేస్తే, అవి స్తంభాల్లా నిలిచి మట్టి క్యాటలిస్ట్ అవుతుంది. గంటలు పట్టే ఈ పనిని అల్ట్రాసౌండ్ బాగా తొందర చేస్తుంది. సెకనుకు 20,000కు మించిన కంపనాలకు ద్రవంలో సన్న బుడగలు పుట్టి, చితికి, మట్టి కణాలను విడదీస్తాయి. కళ్లజోళ్ల షాపులో అద్దాలు కడిగే మెషీన్‌లోనూ పనిచేసేది ఈ బుడగలే.

ఈ ఆదివారం రెండు గ్లాసుల్లో నల్లమట్టి, ఎర్రమట్టి పొడి సమానంగా వేసి, నీళ్లు పోసి రాత్రంతా ఉంచండి. ఏది ఎంత ఉబ్బిందో పిల్లలతోనే స్కేలుతో కొలిపించండి. జవాబు మాత్రం ముందే చెప్పకండి.