మోటుపల్లి అభయశాసనము

వరంగల్లునుండి హైదరాబాదునకు పోవు మార్గమున, కాజీపేటకు చేరువలో మడికొండ యను ఊరు కలదు. మెట్టుగుట్టపైనున్న రామలింగేశ్వరాలయమువలన ఈ యూరు ప్రసిద్ధి కెక్కినది. ఇచటికి సముద్రము చాల దూరము. అయినను, ఈ ప్రాంతమును పాలించిన రాజొకడు సుమారు 780 సంవత్సరముల క్రిందట సముద్రవర్తకులకై ఒక శాసనము వేయించెను. దేశదేశముల వ్యాపారమునకు రాజనీతి యెట్లు తోడ్పడునో ఆ శాసనము తెలుపుచున్నది.

ఆ రాజు కాకతీయ గణపతిదేవుడు. ఓరుగల్లు ఆయన రాజధాని. ఆయన తీరాంధ్రమును జయించుటతో మోటుపల్లి రేవు కాకతీయుల యధీనమైనది. మోటుపల్లి నేటి బాపట్ల జిల్లాలో నున్నది.

ఆ కాలమున సముద్రయానము ప్రాణములతో చెలగాటము. ఓడలు గాలిని నమ్ముకొని సాగుచుండెను. తుపాను చెలరేగినచో ఒక రేవునకు పోవలసిన ఓడ మరియొక రేవునకు కొట్టుకొనిపోయి పగిలిపోవుచుండెను. ప్రాణములు దక్కిన వర్తకునకు అంతకంటె గొప్ప యాపద ఒడ్డున పొంచియుండెను. పూర్వరాజులు అట్టి యోడలలోని బంగారమును, రత్నములను, ఏనుగులను, గుఱ్ఱములను బలాత్కారముగా లాగికొనుచుండిరి. సముద్రుడు విడిచిన సొత్తును రాజు హరించుచుండెను!

గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున ఈ దురాచారమును మాన్పెను. ధనము ప్రాణముకంటె ప్రియమని యెంచి సముద్రమునకు తెగించి వచ్చినవారికి, నిర్ణీతమైన సుంకము దప్ప తక్కినదంతయు విడిచిపెట్టుచున్నామని అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులు రెంటిపైనను సుంకము ముప్పదింట నొక వంతు. అనగా ముప్పది మాడల సరకునకు ఒక మాడ మాత్రమే. చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, మిరియములు, పోకలు మున్నగు సరకులకు వేర్వేరుగా సుంకములను పేర్కొని, ఆ శాసనమును మోటుపల్లిలోని వీరభద్రాలయ స్తంభముపై చెక్కించెను.

చేతికందిన సొత్తును రాజు ఏల విడిచెను? శాసనము దయను, కీర్తిని, ధర్మమును కారణములుగా చెప్పుచున్నది. అందు లోకజ్ఞానమును లేకపోలేదు. పగిలిన యోడను దోచిన రాజునకు ఆ ఒక్కనాటి లాభమే దక్కును. ఆ వార్త విన్న వర్తకులు మరల ఆ రేవు మొగము చూడరు. చెల్లింపవలసిన దెంతయో ముందే తెలిసినచో వర్తకుడు లెక్క చూచుకొని ధైర్యముగా వచ్చును. సుంకము స్వల్పమైనను, ఓడలు పెక్కు వచ్చిన కొలది రాజు బొక్కసము నిండును. దేశమునందలి సాలెవాని బట్టకు బేరము కుదురును. 13వ శతాబ్ది చివరిభాగమున ఈ రాజ్యమును వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో ఇచటి వజ్రములను, సాలెగూటివలె సన్ననైన వస్త్రములను మెచ్చుకొనెను.

నేటి ప్రపంచవాణిజ్యమునకును ఇట్టి నమ్మకమే పునాది. సుంకములను గూర్చి దేశములు చేసికొనిన సాధారణ ఒడంబడిక 1948వ సంవత్సరమున అమలులోనికి వచ్చినది. దానిలో మొదటినుండి చేరిన దేశములలో భారతదేశ మొకటి. 1995వ సంవత్సరమున జెనీవా కేంద్రముగా ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినది. ఒప్పుకొనిన హద్దును మించి సుంకము వేయరాదనునది సభ్యదేశములు పాటింపవలసిన నియమములలో ముఖ్యమైనది. అయినను సుంకములను పెంచి పోట్లాడుకొను దేశములు నేడును కలవు. అట్టివేళ ఒకదేశమున వేసిన పన్ను మరియొకదేశపు పనివాని కూటికి ముప్పు తెచ్చును.

మడికొండలో నేడు సమాచార సాంకేతిక పరిశ్రమలకై ప్రత్యేక ఆర్థిక మండలము వెలసినది. ఇట్టి మండలములలో అనుమతించిన పనులకై తెచ్చు సరకులకు దిగుమతి సుంకమును మినహాయింతురు. 2005వ సంవత్సరపు చట్టము వీనికి ఆధారము. ఇచట చేసిన పని ఓడ యెక్కకయే, తీగల వెంట క్షణములో విదేశములకు చేరును. సరకు మారినది, దారి మారినది. కాని నేటికిని వర్తకుడు మొదట వెదకునది మాట తప్పని ప్రభుత్వమునే. అభయమున్న చోటికే వ్యాపారము వచ్చునని గణపతిదేవుని శాసనము నేటికిని చాటుచున్నది.