మక్కికి మక్కి దింపబోయి

1980ల నడుమ ప్రభుత్వ ‘క్లాస్’ పథకం కింద మా బడికి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. లెక్కల మాస్టారినని వాటిని నాకే అప్పజెప్పారు. రిటైరయ్యాక, ఆ కంప్యూటర్ని ల్యాప్‌టాప్ మీద నడిపించే ఎమ్యులేటర్ రాద్దామని కూర్చున్నాను. 32 కేబీ మెమరీ ఉన్న పాత డబ్బా, ఎన్నాళ్లు పడుతుందిలే అనుకున్నాను. మూడేళ్లు పట్టింది. ఈ దారి పట్టబోయే కుర్రాళ్లకు నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను.

1. మాన్యువల్ చదివితే తెలిసేది సగమే. ఆ కంప్యూటర్ గుండెకాయ 6502 చిప్. దానికిచ్చే ఆదేశం గుర్తు ఒక బైటు, అందులో 256 విలువలు పడతాయి. వాటిలో 151 ఆదేశాలకే మాన్యువల్లో అర్థం ఉంది. తక్కిన 105లో ఏదైనా ఇస్తే చిప్ నాకు తెలియదని ఊరుకోదు. కొన్నిటికి కొయ్యబారిపోతుంది, కొన్నిటికి రెండు పనులు కలిపి చేసేస్తుంది. ఆ సంగతి కనిపెట్టి వాడుకున్న ప్రోగ్రాములున్నాయి. మాన్యువల్ చూసి నేను రాసిన చిప్ వాటి ముందు నోరు వెళ్లబెట్టింది.

2. చిప్ తప్పును దిద్దొద్దు. మెమరీలోని అంకెకు ఒకటి కలపమంటే 6502 ముందు పాత అంకెనే మళ్లీ రాసి, ఆ తర్వాత కొత్తది రాస్తుంది. దండగ రాత కదా అని తీసేశాను. మామూలు మెమరీలో తేడా రాలేదు. ఆ చిరునామాలో టైమర్ చిప్ ఉంటే మాత్రం రెండు రాతలూ దానికి తగులుతాయి. కాపీ కొట్టకుండా ఆటలకు వేసిన తాళాలు కొన్ని ఆ దండగ రాతనే నమ్ముకుని ఉండేవి. మిమిక్రీ చేసేవాడు అసలు మనిషి నత్తిని దిద్దితే అది ఇంకెవరి గొంతో అవుతుంది.

3. పని కుదిరితే చాలదు, లయ కుదరాలి. 1984లో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ తెచ్చిన ఎలీట్ ఆటలో తెర పైభాగం సన్నని గీతల నలుపు తెలుపు, కిందిభాగం నాలుగు రంగులు. ఆ కంప్యూటర్‌కి అలాంటి తెర అసలు లేనే లేదు. టీవీ పైనుంచి కిందికి గీసుకుంటూ వస్తుండగా, టైమర్ పిలవగానే ప్రోగ్రాం నడుమలో తెర మోడ్ మార్చేస్తుంది. ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు, అంటే 2 మెగాహెర్ట్జ్ చిప్‌కి 128 టిక్కులు. నా లెక్క కాస్త జారినా ఆ రెండు భాగాల మధ్య అతుకు పైకీ కిందికీ ఎగిరేది.

4. నాలుగు పొయ్యిలకు ఒక్కడే వంటవాడు. నా ల్యాప్‌టాప్ వేగం 3 గిగాహెర్ట్జ్, అసలుకి 1500 రెట్లు. అయినా ఆయాసపడింది. బీబీసీలో ప్రాసెసర్, వీడియో, టైమర్, సౌండ్ చిప్‌లు నలుగురు వంటవాళ్లలా ఎవరి పొయ్యి దగ్గర వాళ్లు ఒకేసారి పనిచేస్తాయి. ఎమ్యులేటర్ ఆ నాలుగింటి మధ్యా తనే పరుగెత్తాలి, టిక్కు టిక్కుకీ అన్నీ ఎక్కడున్నాయో సరిచూసుకోవాలి. ఆ 1500 రెట్లూ అక్కడే కరిగిపోతాయి.

5. ఎంతవరకో ముందే తేల్చుకోవాలి. పిల్లలకు నేర్పిన బేసిక్ ప్రోగ్రాములు మొదటి నెలలోనే నడిచాయి. ఎలీట్ అతుకు కుదురుగా నిలబడేసరికి తక్కిన కాలమంతా గడిచింది. ఇక ప్రోగ్రాం ఎక్కించే టేప్ రికార్డర్ వాల్యూమ్ కుదరక క్యాసెట్‌ని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పడం, పాత టీవీ గాజు మీద ఒక రంగు పక్క రంగులోకి కారడం ఏ చిప్‌లోనూ లేవు. వాటి జోలికి నేను పోలేదు. మీ ఎమ్యులేటర్ మీద ఎవరు ఏ ప్రోగ్రాం నడుపుతారో ముందు అడగండి. ఆ ప్రోగ్రాం అసలు యంత్రంలోని ఏ వంకరను పట్టుకుని వేలాడుతోందో, అంతవరకు దింపండి.